అత్తగారికి అక్కి, ఇంట్లో చంటిపిల్ల: ఏం చేయాలి?

అమ్మాయీ,

మీ అత్తగారికి నడుం పక్కన అక్కి లేచిందనీ, మూడేళ్ల పాప ఆవిడ ఒళ్లోంచి దిగడం లేదనీ, పాపకు అంటుకుంటుందేమోననీ రాశావు. ముందు నీ ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. అక్కి ఉన్న మనిషి నుంచి పిల్లలకు ఆటలమ్మ సోకడం సాధ్యమే. కానీ పిల్లకు టీకా పడి, పొక్కులు కప్పి ఉంటే ఆ అవకాశం చాలా తక్కువ. ఆవిడను వేరే గదిలో పెట్టి తలుపేయనక్కర్లేదు. పాపను కట్టడి చేసే బదులు ఆ పొక్కుల్ని కట్టడి చెయ్యి, చాలు.

అక్కికీ ఆటలమ్మకూ కారణం ఒకటే వైరస్. రెండు రకాల పొక్కుల నీటిలోంచీ దాన్ని వేరుచేసి, 1954లో థామస్ వెల్లర్ ఈ సంగతి తేల్చాడు. ఎప్పుడో చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్లలో నిద్రపోతుంది. వయసు మీదపడి రోగనిరోధక శక్తి సడలినప్పుడు ఒక నరం వెంట పైకి వస్తుంది. అందుకే అక్కి ఒంటికి ఒకే పక్కన, పట్టీ వేసినట్టు లేస్తుంది. అక్కి నుంచి ఎదుటివాళ్లకు అక్కి రాదు. రక్షణ లేనివాళ్లకు వస్తే వచ్చేది ఆటలమ్మే.

వైరస్ ఉండేది పొక్కుల నీటిలో. ఆ రసి తగిలినా, విప్పి ఉన్న పొక్కుల దగ్గర గాలి పీల్చినా అంటుకోవచ్చు. మంటే తప్ప పొక్కులు ఇంకా లేవని రోజుల్లో అంటుకోదు. అన్నీ ఎండి పక్కు కట్టాక కూడా అంటుకోదు. మామూలుగా ఇందుకు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. నువ్వు జాగ్రత్తపడాల్సింది ఈ మధ్యకాలంలోనే. చివరి పొక్కు కూడా ఎండిందో లేదో వెలుతురులో చూసి మరీ నిర్ణయించు. ఒక్కటి తడిగా ఉన్నా లెక్క పూర్తయినట్టు కాదు.

కట్టు కట్టడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. దూది పెట్టొద్దు, పొక్కులకు అతుక్కుని తీసేటప్పుడు తోలు ఊడొస్తుంది. చేతులు కడుక్కుని, ఆ చోటును నీళ్లతో, కాస్త సబ్బుతో మెల్లగా శుభ్రం చేసి, రుద్దకుండా అద్ది ఆరనివ్వాలి. పైన పలచగా పెట్రోలియం జెల్లీ రాసి, అతుక్కోని డ్రెస్సింగ్ వేసి, దాని మీద గాజుగుడ్డ పరవాలి. అంచులు చివరి పొక్కు దాటి అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు బయటికి ఉండాలి. టేపు ఎప్పుడూ మంచి చర్మం మీదే అంటించాలి. నడుం కాబట్టి పైన వదులుగా బ్యాండేజీ చుడితే ఇంకా నిలకడగా ఉంటుంది. రోజుకోసారి, తడిస్తే వెంటనే మార్చు. తీసిన గుడ్డను కవర్లో కట్టి పారేసి, ఇరవై సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కో. ఆవిడ తువ్వాలు, దుప్పటి ఎవరూ వాడొద్దు. దురదకు ఆవిడ గోకి, అదే చేత్తో పాపకు అన్నం పెడితే ఎంత కట్టు కట్టినా లాభం లేదు. గోళ్లు కత్తిరించు.

అక్కి ముఖం మీద వచ్చి ఉంటే ఇంత ధైర్యం చెప్పేదాన్ని కాదు. అక్కడ కప్పడం కష్టం, పైగా నుదుటి మీదో ముక్కు మీదో లేస్తే కంటికి ముప్పు. అదే రోజు కంటి డాక్టరు చూడాలి. పొక్కులు ఆ పట్టీ దాటి ఒళ్లంతా లేస్తున్నా, ఆవిడ కీమో మందులో స్టెరాయిడ్లో వాడుతున్నా అది వేరే సంగతి. అలాంటప్పుడు కట్టు చాలదు, గాలి ద్వారా కూడా ఆటలమ్మలాగే పాకగలదు. పాపను దూరంగా ఉంచి డాక్టరుకు చెప్పాలి. ఆవిడకు మాత్రలు మొదలుపెట్టారా? వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు పడితే త్వరగా ఎండుతాయి. ఇది ఆవిడకు మేలు, పాపకూ మేలే.

ఇక పాప టీకా కార్డు తీసి చూడు. ఒక్క డోసు ఆటలమ్మను నూటికి ఎనభై పైచిలుకు మందిలో ఆపుతుంది, రెండు డోసులైతే తొంభై దాటి. ఏ లెక్కన చూసినా తీవ్రమైన జబ్బు రావడం బాగా అరుదు. పాపకు ఒక్కటే పడి, మూడు నెలలు దాటి ఉంటే రెండోది ఇప్పుడే వేయించు, ఆగడంలో అర్థం లేదు. అసలు టీకా పడని పిల్లలు ఇంట్లో ఉంటే, తగిలిన మూడు రోజుల్లో, మహా అయితే అయిదు రోజుల్లో వేయిస్తే జబ్బును ఆపొచ్చు, లేదా తేలిక చేయొచ్చు.

నిజం చెప్పాలంటే పాప కంటే నాకు మిగతావాళ్ల గురించే చింత. ఏడాది నిండని పసివాళ్లు, ఆటలమ్మా పోయక టీకా కూడా లేని గర్భిణి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఎవరైనా ఆ ఇంటికి వస్తున్నారా? వాళ్లకు ఈ టీకా వేయకూడదు. ఒకవేళ తగిలిందనిపిస్తే వాళ్లలో కొందరికి యాంటీబాడీల ఇంజెక్షన్ ఉంటుంది, పది రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

పాపను ఎప్పటిదాకా గమనించాలి అన్నది ఇంకో ప్రశ్న. తగిలిన పదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా చూడమంటారు. కానీ ఒకే ఇంట్లో ఉంటే ఆ తగలడం ఒక్క రోజుతో పోదు. మొదటి పొక్కు లేచిన రోజుకు పది కలుపు, చివరిది పక్కు కట్టిన రోజుకు ఇరవై ఒకటి కలుపు. క్యాలెండర్ మీద ఈ రెండు తేదీలూ గుర్తు పెట్టుకో. ఒంటి మీద ఏమీ లేకపోతే స్కూలు మాన్పించనక్కర్లేదు.

టీకా పడిన పిల్లలకు వస్తే ఆటలమ్మ ఆటలమ్మలా కనిపించదు, అదే చిక్కు. మామూలుగా రెండు వందల నుంచి అయిదు వందల దాకా పొక్కులు లేచేచోట యాభై కూడా ఉండవు. జ్వరం ఉండకపోవచ్చు. నీరు పట్టని ఎర్రటి దద్దుర్లు, దోమ కుట్టినట్టే ఉంటాయి. పొట్ట, వీపు చూడు, తల మాడు మీద జుట్టు పాయ తీసి చూడు. తేలికగా వచ్చినా ఇతరులకు అంటుతుంది. పక్కు కట్టే రకమైతే అన్నీ కట్టేదాకా, కట్టని రకమైతే ఇరవై నాలుగు గంటలపాటు కొత్త దద్దురు లేవకుండా ఉండేదాకా ఇంట్లోనే ఉంచు.

జ్వరం వస్తే బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వు. ఆస్పిరిన్ అసలు ఇవ్వొద్దు, కాలేయానికీ మెదడుకీ ప్రమాదం. ఇబుప్రొఫెన్ కూడా వద్దు. పాప మగతగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా, ఏదైనా పొక్కు చుట్టూ ఎర్రగా వేడిగా వాచినా ఆస్పత్రికి తీసుకెళ్లు. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆటలమ్మ అనుమానం ఉందని చెప్పు, నేరుగా లోపలికి పిలుస్తారు. లేకపోతే వెయిటింగ్ హాల్లో పక్క కుర్చీలో నిండు గర్భిణి కూర్చుని ఉండొచ్చు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ