ఫెయిరీ బొమ్మలు వేయడానికి ఊహాశక్తి ఉండాలా?

మీ అమ్మాయికి ఫెయిరీల (రెక్కలుండే బుల్లి దేవకన్యల) బొమ్మలంటే ప్రాణం, కానీ ఊహాశక్తి తక్కువని డ్రాయింగ్ టీచర్ అన్నారు, ఈ పనికి సరిపోతుందా అని అడిగారు. నిక్షేపంగా సరిపోతుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే బతుకుతున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నా, ఫెయిరీకి ఊహ కన్నా చూపు ముఖ్యం.

ఇంగ్లండులో క్రోయ్‌డన్‌కి చెందిన సిసిలీ మేరీ బార్కర్ (1895-1973) గీసిన ‘ఫ్లవర్ ఫెయిరీస్’ బొమ్మలు చూపించండి. మూర్ఛవ్యాధి వల్ల ఆవిడ చిన్నప్పుడు ఇంట్లోనే చదువుకుంది. అక్క డొరతీ ఇంట్లో నడిపిన బడిలోని పిల్లలనే మోడల్స్‌గా పెట్టుకుంది. తనే డ్రెస్సులు కుట్టేది, పుల్లలకి పల్చటి గుడ్డ కట్టి రెక్కలు చేసేది, గీయబోయే పువ్వునే వాళ్ల చేతికిచ్చేది. కావాల్సిన మొక్క దొరక్కపోతే లండన్‌లోని పెద్ద మొక్కల తోట క్యూ గార్డెన్స్ వాళ్లు తెచ్చిచ్చేవారు.

పోయినేడు నేను శంఖుపువ్వు ఫెయిరీ వేయాల్సి వచ్చింది. పక్కింటి పాపని పిలిచి, గోడ మీది తీగ నుంచి ఒక పువ్వు కోసిచ్చాను. తొడిమ పొట్టిది కదా, రెండు వేళ్లతో పట్టుకుని మిగతా మూడూ విడదీసింది. ఎక్కడ నలిగిపోతుందోనని భుజాలు చెవుల దాకా పైకెత్తి, నాలుక బయటపెట్టింది. కాసేపటికి తనే పువ్వుని తిరగేసి “ఇది గౌను కదా ఆంటీ” అంది. నీలం గౌను, మధ్యలో తెల్లటి మెరుపు! ఆ ఎత్తిన భుజాల నుంచే రెక్కలు వేశాను. ఎంత ఊహించినా ఆ భుజాలు నాకు తట్టేవి కావు. ఫోన్‌లో బొమ్మ పెట్టి దించమనే డ్రాయింగ్ క్లాసులంటే అందుకే ఒళ్లు మండుతుంది.

డబ్బు సంగతీ చెప్పాలి. 1923లో వచ్చిన మొదటి పుస్తకానికి, 24 బొమ్మలూ పద్యాలూ కలిపి, బార్కర్‌కి ఇచ్చింది 25 పౌండ్లు. రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, 1925లో వచ్చిన పుస్తకంతోనే మొదలైంది. ఇప్పటికీ అదే తంతు. నా బొమ్మలకీ ఒక పబ్లిషర్ ఒక్కసారి డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకున్నారు, అవి ఇప్పుడు నోటుబుక్కుల అట్టల మీద కూడా కనిపిస్తున్నాయి, నాకు మాత్రం పైసా రాదు. మీ పాప ఈ పనిలోకొస్తే సంతకానికి ముందు అగ్రిమెంట్ మొత్తం చదవమనండి.

ప్రస్తుతానికి రోజూ బీరపాదు దగ్గర కూర్చోబెట్టండి. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రమే, బడి నుంచి వచ్చాక వెలుతురు ఉండగానే వేసుకోవచ్చు.