జార్జియా రెడ్డా, బ్లూనా? మన ఓటుతో అక్కడ ఏమన్నా మారుతుందా?

"జార్జియాకి మారుతున్నాం. అది రిపబ్లికన్ల రాష్ట్రమా, డెమొక్రాట్లదా? కొత్తగా సిటిజన్లయిన మనలాంటివాళ్ల ఓటుకి అక్కడ విలువ ఉంటుందా?" అని అడిగారు. నేను అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాను కాబట్టి చెప్తున్నాను.

ముందు రంగు సంగతి. రెడ్ అంటే రిపబ్లికన్లు, బ్లూ అంటే డెమొక్రాట్లు. 1964లో గోల్డ్‌వాటర్ గెలిచేదాకా ఈ రాష్ట్రం ఒక్కసారి కూడా రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థికి పట్టం కట్టలేదు. 1992లో క్లింటన్ గెలిచాక మళ్లీ 2020 దాకా డెమొక్రాట్‌ని గెలిపించలేదు. 2020లో బైడెన్‌కి వచ్చిన మెజారిటీ 11,779 ఓట్లు. 2024లో ట్రంప్ లక్ష పైచిలుకు తేడాతో గెలిచాడు. మా ఫోర్సైత్ ఇప్పటికీ రిపబ్లికన్లదే, పక్కనున్న గ్విన్నెట్ కౌంటీ 2016 నుంచి డెమొక్రాట్ల వైపు వెళ్లింది. రంగు గురించి నేను చెప్పగలిగేది ఇంతే. అందరూ దీని గురించే మాట్లాడతారు, అసలైన రన్ఆఫ్ గురించి ఎవరూ చెప్పరు.

ఇక్కడ అధ్యక్ష ఎన్నికని పక్కన పెడితే, సెనేటర్ అయినా గవర్నర్ అయినా అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే చాలదు. పోలైన ఓట్లలో సగం దాటాలి. దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక, అదే రన్ఆఫ్. 2020 నవంబరులో రిపబ్లికన్ సెనేటర్ డేవిడ్ పెర్డ్యూకి 49.7 శాతం వచ్చింది. పక్కనే ఉన్న ఫ్లోరిడాలో అయితే ఆ రాత్రే గెలిచినట్టు. ఇక్కడ మాత్రం 2021 జనవరి 5న డెమొక్రాట్ జాన్ ఆసఫ్ చేతిలో దాదాపు 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అదే రోజు రెండో సెనేట్ సీటులో డెమొక్రాట్ రాఫెల్ వార్నాక్ కూడా గెలవడంతో వాషింగ్టన్‌లో సెనేట్ చేతులు మారింది.

మా అమ్మ అమెరికాలో వేసిన మొదటి ఓటు అదే. ఆవిడ సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేసరికి అక్టోబరులో ఓటరు నమోదు గడువు అయిపోయింది. నవంబరులో మేమంతా ఓటేసి వచ్చి, పీచ్ పండు బొమ్మ స్టిక్కర్లు చొక్కాలకి అంటించుకుని ఫొటోలు దిగుతుంటే అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. రన్ఆఫ్‌కి డిసెంబరు 7 దాకా నమోదు చేసుకోవచ్చని తెలియగానే ఆ రాత్రే కూర్చుని చేయించాం.

ముందస్తు పోలింగ్ మా దగ్గర లైబ్రరీలో. చీర మీద స్వెట్టరు, మాస్కు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో సిటిజన్‌షిప్ సర్టిఫికెట్. లైసెన్సు రికార్డుల్లో పాత వివరాలే ఉండి కొత్త సిటిజన్ల పేర్లు పెండింగ్‌లో పడుతుంటాయి, అప్పుడు ఆ కాగితం చూపించాల్సి వస్తుంది. మీరూ వెంట పెట్టుకెళ్లండి. భాష రానివాళ్లకి ఇంట్లోవాళ్లు పక్కనుండి సాయం చెయ్యడానికి చట్టం ఒప్పుకుంటుంది. అమ్మ మాత్రం "నా ఓటు నేను వేసుకోలేనా" అని నన్ను దూరంగా నిలబెట్టింది.

ఇక్కడ తెర మీద నొక్కితే ప్రింటర్లోంచి ఒక కాగితం వస్తుంది. మనం ఎవరిని ఎంచుకున్నామో పేర్లతో సహా దాని మీద ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి స్కానర్లో పెడితేనే ఓటు పడినట్టు. అమ్మ ఊళ్లో పాల కేంద్రం లెక్కలు చూసిన మనిషి. వెన్న శాతం చీటీలో సరిగ్గా పడిందో లేదో చూడకుండా ఎవరినీ కదలనిచ్చేది కాదు. ఇక్కడా ఆ కాగితం పట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నిలబడిపోయింది. ఆ కాగితం మీద ముఖ్యంగా ఉన్నవి రెండు సెనేట్ సీట్లు. పోలింగ్ చూసే పెద్దావిడ వచ్చి ఏమన్నా ఇబ్బందా అనడిగితే, అమ్మ చెయ్యెత్తి "ఉండమ్మా, నేను నొక్కినవే వచ్చాయా అని చూసుకుంటున్నా" అంది, తెలుగులోనే. ఆవిడకి ఏం అర్థమైందో, తలూపి వెనక్కి జరిగింది. అన్నీ చూసుకున్నాకే అమ్మ వెళ్లి స్కానర్లో పెట్టింది.

చెయ్యాల్సిన పద్ధతి అదే. అప్పట్లో స్కానర్ చదివింది కాగితం మీదున్న క్యూఆర్ కోడ్‌ని, మనిషి చదవగలిగేది పేర్లనే. 2020 నవంబరు ఎన్నిక మీద గొడవైనప్పుడు 159 కౌంటీల్లో దాదాపు 50 లక్షల బ్యాలెట్లు చేత్తో లెక్కపెట్టారు. ఈ మెషిన్ కాగితాల మీద వాళ్లు చూసింది పేర్లనే. చేతిలో కాగితం ఉన్నా చదవకుండా స్కానర్లోకి తోసేసి, ఇంటికొచ్చి వాట్సాప్‌లో మెషిన్ల మీద పోస్టులు ఫార్వర్డ్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ రన్ఆఫ్ ఏమీ మంచి మనసుతో పుట్టలేదు. అంతకుముందు ఇక్కడి ప్రైమరీల్లో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, కౌంటీ యూనిట్ పద్ధతి ఉండేది. మొత్తం ఓట్లు కాదు, కౌంటీలకిచ్చిన యూనిట్లు లెక్కపెట్టేవాళ్లు. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీకి 6 యూనిట్లు, వెయ్యిళ్లు కూడా లేని కౌంటీకి 2. అంటే అలాంటివి మూడు కలిస్తే అట్లాంటాతో సమానం. 1963లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మనిషికి ఒక్క ఓటే అని చెప్పింది. 1964లో రన్ఆఫ్ చట్టం వచ్చింది. తెల్లవాళ్ల ఓట్లు చీలిపోయి, నల్లవాళ్ల ఓట్లన్నీ ఒక్కడికే పడి అతను గెలిచేస్తాడన్న భయం దాని వెనక ఉంది. అదే చట్టం కింద మార్టిన్ లూథర్ కింగ్ చర్చిలో పాస్టరైన వార్నాక్ ఈ రాష్ట్రానికి మొదటి నల్లజాతి సెనేటర్ అయ్యాడు. పార్టీలు కూడా ఈ గీతని తమ అవసరానికి తగ్గట్టు జరుపుకున్నాయి. 1992లో డెమొక్రాట్ ఫౌలర్ నవంబరులో ముందుండి రన్ఆఫ్‌లో ఓడిపోతే, డెమొక్రాట్లు గీతని 45 శాతానికి దించారు. 2005లో రిపబ్లికన్లు మళ్లీ 50కి ఎత్తారు.

అయినా సరే, రన్ఆఫ్ ఉండాల్సిందే అంటాను, అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలి. సగం మందికి పైగా వద్దన్న మనిషి గెలవకూడదు. జబ్బు చట్టంలో లేదు, రెండోసారి రాని జనంలో ఉంది. 2008 నవంబరులో ఇక్కడ సెనేట్ సీటుకి 37 లక్షల పైన ఓట్లు పడితే, డిసెంబరు రన్ఆఫ్‌కి వచ్చింది 21 లక్షల పైచిలుకే. అలాంటి రోజున మన ఓటు బరువు ఒకటిన్నర రెట్లు దాటినట్టే.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. తెలుగు సంఘం ఎన్నికలకి ఊరూ కులమూ చూసుకుని అర్ధరాత్రి దాకా ఫోన్లు చేస్తారు. కౌంటీ కమిషనర్ పేరడిగితే నోరు మెదపరు. మా కౌంటీలో పదవులు చాలావరకు మే నెల రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోతాయి. జార్జియాలో ఓటరు పార్టీతో నమోదు కానక్కర్లేదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. నలుగురు రాజకీయాలు మాట్లాడుకునే విందుల్లో ఈ ముక్క తెలిసినవాళ్లు ఒకరిద్దరు కూడా కనపడరు. ఆ జనవరి 5నే ఎన్నిక జరిగిన ఇంకో సీటుందే, పబ్లిక్ సర్వీస్ కమిషన్, జార్జియా పవర్ కంపెనీ కరెంటు రేట్లు తేల్చేది వాళ్లే. 2025 నవంబరులో బిల్లులతో విసిగిన జనం అందులో రెండు సీట్లు మార్చేశారు.

మీరు కొత్తగా వస్తున్నారు కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. 2021లో తెచ్చిన ఎస్‌బీ 202 చట్టం తొమ్మిది వారాల రన్ఆఫ్ గడువుని నాలుగు వారాలకి కుదించింది. దాంతో నవంబరు ఎన్నిక అయ్యాక కొత్తగా పేరు నమోదు చేసుకుని రన్ఆఫ్‌లో ఓటేసే వీలు పోయింది. మా అమ్మలాంటివాళ్లకి దారి మూసేసిన ఈ మార్పు అన్యాయం, ఎవరు తెచ్చినా అన్యాయమే. అందుకని ప్రమాణం చేసిన రోజే నమోదు చేసుకోండి. ఇంకోటి, 2022లో వార్నాక్‌కీ రిపబ్లికన్ అభ్యర్థి వాకర్‌కీ మధ్య సెనేట్ రన్ఆఫ్ డిసెంబరు 6న పడింది. ఇండియా టికెట్లు కొనేది కూడా అప్పటికే కదా, సెనేట్ ఎన్నిక ఉన్న ఏడాది ప్రయాణం డిసెంబరు రెండో వారం తర్వాత పెట్టుకోండి.