కాల్షియం ఎక్కించినా ఆవు లేవట్లేదు.. రిపోర్టులో సీకే ఎక్కువ!

సందేహం: ఆవు ఈనిన మర్నాడే పడిపోయింది. పాలజ్వరమని (ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) డాక్టరుగారు కాల్షియం ఎక్కించారు. ఇప్పుడు తల ఎత్తి మేత తింటోంది, పేడ వేస్తోంది గానీ రెండు రోజులుగా లేవట్లేదు. రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజ్ (సీకే) బాగా ఎక్కువుందన్నారు. కిడ్నీలు పాడైనట్టా? ఆశ వదులుకోవాలా?
- ఓ పాడి రైతు

జవాబు: టెన్షన్ పడకండి. కిడ్నీలకు చూసేది క్రియాటినిన్. మీ రిపోర్టులో ఉన్నది వేరు, కండరాల్లో ఉండే ఎంజైమ్. కండరం కదలాలంటే ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే పదార్థం కావాలి. అది ఖర్చయి ఏడీపీగా మారగానే, క్రియాటిన్ ఫాస్ఫేట్‌లోని ఫాస్ఫేట్‌ను తీసి ఏడీపీకి తగిలించి మళ్లీ ఏటీపీగా మార్చేది ఈ కైనేజే. ఆవు ఒక్క ఉదుటున లేవడానికి అక్కరకొచ్చేది ఈ ఏర్పాటే. దీని చోటు కణాల లోపల. రక్తంలో ఇంతగా కనిపిస్తోందంటే కండరం నలిగి, కణాలు చితికాయన్నమాట.

పాలజ్వరం తగ్గినా లేవకపోవడానికి తరచూ కారణం ఇదే. అంత బరువూ కింది తొడ మీద పడి గంటల తరబడి రక్తం ఆడదు, కాలి నరం కూడా నొక్కుకుపోతుంది. సిమెంటు గచ్చయితే మరీ ప్రమాదం.

ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పలేం. కండకు వేసిన ఇంజెక్షన్ల వల్లా సీకే కొంత పెరుగుతుంది. పైగా ఇది రక్తంలోంచి కొన్ని గంటల్లోనే తగ్గుతూ వస్తుంది. అందుకే ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. బాగా దిగితే నలుగుడు ఆగినట్టు. అలాగే ఉంటే కండరం ఇంకా చితుకుతోందని అర్థం.

అది ఆగాలంటే మందుకన్నా మీ చేతి సాయమే ముఖ్యం. ఆవును మందంగా పోసిన ఇసుక మీదికో, ఎండుగడ్డి పరుపు మీదికో చేర్చండి. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, పక్క మార్చండి. మార్చాక, అప్పటిదాకా కింద ఉన్న తొడ మర్దన చేయండి. నీళ్లు, మేత మూతికి అందేలా పెట్టండి. మెడకో తోకకో తాడు కట్టి లాగొద్దు. తుంటి క్లాంపుతో (తుంటి ఎముకలకు బిగించి పైకి లేపే పరికరం) లేపితే కొద్దిసేపే, అదీ కాళ్ల మీద బరువు మోపుతుంటేనే. వేలాడదీసి ఉంచితే కండరం ఇంకా నలుగుతుంది.

మూత్రం కాఫీ రంగులో వచ్చినా, మేత మానేసినా, లేపినప్పుడు వెనక గిట్ట మడతపడుతున్నా పశువైద్యుడిని వెంటనే పిలవండి. ఆయన చూడకుండా మళ్లీ కాల్షియం ఎక్కించొద్దు, గుండె దెబ్బతింటుంది.