విసరడం వరకే నీది

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఏదో నింజా గ్రామం పెడుతోందట, రాత్రి ఒంటిగంట దాకా పడుకోవట్లేదు, కాస్త నువ్వు చెప్పు" అంది. నేను మానేయమంటానని ఆవిడ ఆశ. నేనలా అనను. 2007 నుంచి ఎనిమిదేళ్లు నేను చేసిన పనే అది. ద్వారకానగర్‌లో గంటకి 15 రూపాయల నెట్ సెంటర్‌లో కూర్చుని ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్‌లో మొదలుపెట్టాను. నరుటో అనే జపాన్ నింజా బొమ్మల కథంటే ప్రాణం పెట్టే పదిమందిమి, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడుతూ కథ ఆడుకునేవాళ్లం. ఎలా నడపాలో నాకు చెప్పినవాళ్లు లేరు. నీకు చెప్పడానికి నేనున్నాను.

మొదట పోరు సంగతి. గాజువాక కుర్రాడొకడు చేరిన రోజే ఇలా రాశాడు: "నేను కునాయ్ విసిరాను. అది నీ మెడలో దిగింది. నువ్వు పడిపోయావు." కునాయ్ అంటే నింజాలు విసిరే చిన్న కత్తే కదా. అవతల ఆడుతున్నది శ్రీకాకుళం అమ్మాయి. "నేనెందుకు పడిపోతాను?" అంది. మూడు రోజులు ఒకటే గొడవ. ఎదుటివాళ్ల పాత్రకి ఏమైందో కూడా మనమే రాసేయడాన్ని గాడ్‌మోడింగ్ అంటారు, నీకు తెలిసే ఉంటుంది. నేను రెండు పేజీల రూల్స్ రాసిపెట్టాను, ఎవరూ చదవలేదు. చివరికి వాడికి ఒక్క ముక్కలో చెప్పాను: విసరడం నీది, తగలడం ఆమెది. వాడు మళ్లీ రాశాడు: "కునాయ్ తీసి ఆమె ఎడమ భుజానికి గురిపెట్టి విసిరాను. విసిరేటప్పుడు నా కాలి కింద రాయి కదిలింది."

ఆ కదిలిన రాయి చూశావా? తప్పించుకోవడానికి ఆమెకి వాడిచ్చిన దారి అది. ఆమె పక్కకి ఒరిగిందనీ, కునాయ్ చెవి పక్కనుంచి దూసుకుపోయి జడలో ఒక పాయ తెగి పడిందనీ రాసింది. ఆ పాయ తెగాలని ఎవరూ అడగలేదు, తనే ఇచ్చింది. కొత్తవాళ్లకి రూల్స్ పంపకు. ఇలాంటి పోరు ఒకటి నువ్వే వాళ్లతో ఆడు, అర్థమైపోతుంది.

శక్తుల విషయంలో గట్టిగా ఉండు. చేరిన ప్రతివాడికీ నిప్పు కక్కే విద్య కావాలి. జపాన్‌లో ఇగా, కోగా కొండల్లో ఉండే అసలు షినోబీలు, అంటే నింజాలు, ముఖ్యంగా వేగులవాళ్లు. కోటలోకి దూరడం, కబురు తేవడం, చీకట్లో నిప్పుపెట్టి గందరగోళం చేయడం వాళ్ల పని. కునాయ్ కూడా మొదట్లో ఆయుధం కాదు, తవ్వడానికి వాడే పనిముట్టు. 1581లో ఒడా నొబునాగా పెద్ద సైన్యంతో మీద పడితే ఇగా నాశనమైపోయింది. ఇదంతా చెప్పాక మావాళ్లలో ఒకడు ఉప్పమ్ముకునేవాడి వేషంలో తిరిగే వేగుని తయారుచేశాడు. ఆరు నెలలు ఒక్క పోరూ చేయలేదు. గ్రామమంతా భయపడింది మాత్రం అతనికే.

ఊరు కూడా నీ సొంతం చేసుకో. మా గ్రామానికి నేనే మ్యాప్ గీశాను: డాల్ఫిన్స్ నోస్‌లా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, దాని మీద దీపస్తంభం, వెనక అరకు మంచు. నరుటో మాంగా 2014 నవంబరులో 700వ అధ్యాయంతో అయిపోయింది. అందులోని ఊళ్లనే పెట్టుకుని ఆడిన గ్రూపులు నాకు తెలిసినవి రెండున్నాయి, సంక్రాంతి నాటికి చల్లబడిపోయాయి. మాది ఇంకో ఏడాది నడిచింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. గ్రామాధిపతి పాత్ర నేనే తీసుకున్నాను. ముగ్గురు శిష్యులు, ఒక గురువు చొప్పున బృందాలుండేవి. ఆ పద్ధతి నువ్వూ పెట్టు, కొత్తవాళ్లు ఒంటరిగా మిగలరు. ఒక బృందం రెండు నెలలు కూర్చుని, గ్రామాధిపతి ఇంట్లో రహస్య గ్రంథం దొంగిలించే పథకం వేసింది. ఆట నడిపేది నేను కాబట్టి ముందుగా నాకే పంపారు. తీరా ఆ రాత్రి వాళ్లు వెనక గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, నా గ్రామాధిపతి అక్కడే కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓడిపోవడం ఇష్టంలేక అలా రాశాను. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "అన్నా, మేం వెనక గుమ్మంలోంచి వస్తామని ఆయనకెలా తెలిసింది?"

నా దగ్గర జవాబు లేదు. ముగ్గురూ వెళ్లిపోయారు. క్షమించమని అడిగితే ఏడాదికి ఒకడు తిరిగొచ్చాడు, మిగతా ఇద్దరూ రానేలేదు. ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తర్వాత నేను గ్రామంలో పడవ నడిపేవాడిగానే ఆడాను. అమ్మలూ, నువ్వూ చిన్న పాత్ర తీసుకో. టీ కాచే ముసలమ్మ చాలు. నడిపే మనిషిగా నీకు తెలిసింది ఆ ముసలమ్మకి తెలియకూడదు.

మార్చి వస్తే సగం గ్రామం ఇంటర్ పరీక్షలకి మాయమవుతుంది. వాళ్లని దూరపు మిషన్ మీద పంపినట్టు రాసెయ్, తిరిగొచ్చాక ఎవరినీ నిలదీయకు.

వయసు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడేచోట ప్రేమ కథలు వద్దు, కథ పేరుతో పర్సనల్ చాట్ వద్దు. మా దగ్గర బాగా ఆడే పెద్దాయనొకడు 15 ఏళ్ల పాపతో విడిగా మాటలు మొదలుపెట్టాడు. ఆ పాప ధైర్యంగా వచ్చి చెప్పింది కాబట్టి తెలిసింది. ఆ రాత్రే అతన్ని తీసేశాను. ఏదైనా ఉంటే వచ్చి చెప్పుకోవడానికి ఒక అక్క ఉందని నీ దగ్గర చేరే ప్రతి పిల్లకీ మొదటి రోజే తెలియాలి.

ఇంకొకటి. నువ్వు లేకపోయినా నడిపే మనిషిని ఈ వారమే చూసుకో. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేశారు. ముందే ఫేస్‌బుక్ గ్రూపులోకి మారిపోయి, పాత కథలన్నీ నా కంప్యూటర్‌లో దాచుకున్నాను. అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ శ్రీకాకుళం అమ్మాయికి ఒక కాపీ ఇచ్చి, తననీ అడ్మిన్‌ని చేశాను. ఆర్కుట్ మూసిన సరిగ్గా 12 రోజులకి హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి వాన గదిలోకి కొట్టింది, సీపీయూ నిండా నీళ్లు. మా వీధికి వారం పైన కరెంటు లేదు. నేను బతికున్నానో లేదో మావాళ్లెవరికీ తెలియదు.

కరెంటొచ్చాక లాగిన్ అయితే 63 పోస్టులున్నాయి. సముద్రం పొంగి గ్రామం మునిగిందని ఆ అమ్మాయి మొదలుపెట్టింది. పడవవాడు కనబడటం లేదని ముగ్గురేసి చొప్పున బృందాలు వెతకడానికి బయల్దేరాయి. ఉప్పమ్ముకునేవాడికి ఒడ్డున నా తెడ్డు దొరికింది. కథ అక్కడ ఆపేశారు. పడవవాడు దొరికాడని గానీ పోయాడని గానీ ఎవరూ రాయలేదు, నాకే వదిలేశారు.

"ఇసకలోంచి లేచి, నా తెడ్డు నాకిమ్మని చెయ్యి చాపాను" అని రాశాను.

ఆ 63 పోస్టులూ, మ్యాప్, పాత కథలూ అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. రాత్రి పదకొండుకల్లా పడుకుంటున్నావని మీ అమ్మకి చెప్తాను, నా మాట నిలబెట్టు.

ప్రేమతో,
మావయ్య
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం