ఎందాకా అంటే, ఊరికేనండి

అంబాజీపేట,
ఉగాది వెళ్లిన నాలుగో రోజు.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నోటుబుక్కు అందింది. పండగ మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రికి మొత్తం చదివేశాను. మర్నాడు కొన్ని పేజీలు మళ్లీ చదివాను. పైన ‘మేడమ్ గారికి’ అని రాశావు. నాకు ఆ పిలుపు అలవాటు లేదమ్మా. మీ అమ్మకంటే కాస్త పెద్దదాన్ని, పెద్దమ్మగారూ అను చాలు.

ఏడాదిపాటు ప్రతి ఆదివారం సైకిల్ మీద తిరిగి, ఇంటికొచ్చి అలసటలో కూడా కూర్చుని రాయడం చిన్న పని కాదు. నేను ఆ పని యాభై ఏడో ఏట మొదలుపెట్టాను. అప్పటికి ముప్పై ఏళ్లుగా కథలు రాస్తున్నాను కానీ, పెళ్లయ్యాక సైకిల్ ముట్టుకోలేదు. ఆ మొదటి ఏడాది నోట్సు ఇంకా బీరువాలోనే ఉంది. నీది చదివాక అదీ తీసి పక్కన పెట్టుకున్నాను. నువ్వు చేసిన పొరపాట్లు చాలావరకు అందులో నా చేతిరాతతో ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టు.

ముందు అంకెల సంగతి. నీ ప్రతి పేజీ ఫోన్ చెప్పిన కిలోమీటర్లతో మొదలవుతోంది. తర్వాత టైము, తర్వాత సగటు వేగం. చివర ఏడాది మొత్తం కూడి, కింద రెండు గీతలు గీశావు. కష్టపడి సంపాదించుకున్న అంకె అది, చెరిపెయ్యమనను. ఆఖరి పేజీలో ఉంచు. కానీ ఆత్రేయపురం వెళ్లిన రోజు ఒక అంకె, ముక్తేశ్వరం రేవుకి వెళ్లిన రోజు ఇంకో అంకె కనిపించాయి తప్ప, ఆ రెండు రోజులూ నాకు వేరువేరుగా కనిపించలేదు. నీ కాళ్లకు మాత్రం తేడా తెలిసే ఉంటుంది.

కాళ్ల మాట ఎందుకన్నానంటే, ‘డెల్టా అంతా అరచేతిలా చదును’ అని మూడు చోట్ల రాశావు. కారులో వెళ్లేవాళ్లు ఆ మాట అంటే ఊరుకుంటాను. సైకిల్ తొక్కే పిల్లవి నువ్వు అనకూడదు. గోదావరి పొంగినప్పుడల్లా మోసుకొచ్చిన ఒండ్రులో ఎక్కువ భాగం తన ఒడ్డు పక్కనే దించుకుంటుంది. వేల ఏళ్లు అలా దించగా దించగా ఏటి పక్క నేల ఎత్తయింది, లోపలికి పోయేకొద్దీ పల్లమైంది. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన ఆనకట్ట పని 1852లో ముగిసింది. దాని కింద కాలువలు తవ్వినవాళ్లు ఈ ఎత్తుల్ని పట్టుకునే తవ్వారు, నీళ్లు వాటంతటవే చేలల్లోకి జారాలని. మురుగు తీసుకుపోయే డ్రెయిన్లేమో పల్లంలో ఉంటాయి. అంటే కాలువగట్టు నుంచి డ్రెయిన్ వంతెన వైపు వెళ్తున్నంతసేపూ నువ్వు దిగుతున్నావు. అక్కణ్ణించి ఇంకో కాలువకు వెళ్తే ఎక్కుతున్నావు. ఈ వాలు కంటికి ఆనదు. నా సైకిల్‌కి గేర్లు లేవు కాబట్టి నాకు తొడలు చెప్పాయి. ఒకే రోడ్డు పొద్దున వెళ్లేటప్పుడు తేలిగ్గా, వచ్చేటప్పుడు బరువుగా ఎందుకుందో చాలా రోజులు అర్థం కాలేదు. గాలనుకున్నాను. గాలి లేని రోజు కూడా అలాగే ఉంది. అప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గురించి నువ్వు రాసిన రెండు పేజీలు ఎవరైనా రాయగలరు. ఈ వాలు మాత్రం దాన్ని తొక్కినవాళ్లే రాయగలరు. ఆ రెండు పేజీలు తీసేసి ఇది రాయి.

గాలి గురించి నీకు తెలుసు, బాగానే రాశావు. వానాకాలంలో పడమటిగాలి మొదలయ్యాక అమలాపురం నుంచి రావులపాలెం వైపు వెళ్లడం ఎంత కష్టమో చెప్పిన పేజీ నాకు నచ్చింది. ఒక్క సలహా: వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి ఉండేలా దారి ఎంచుకో. ఇంటికి చేరేసరికి రాసే ఓపిక మిగులుతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నవి.

నీ నోటుబుక్కులో ‘పచ్చటి తివాచీ’ అన్న మాట లెక్కపెట్టాను. పదకొండు సార్లుంది. జూలైలో ఉంది, అక్టోబరులో ఉంది, ఫిబ్రవరిలోనూ ఉంది. మీ తాతగారు వ్యవసాయం చేశారని రాశావు కదా, ఈ పేజీలు ఆయనకి చదివి వినిపించు. జూలైలో నువ్వు చూసింది నారుమడి. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ, చేత్తో నిమిరితే మెత్తగా ఉంటుంది. ఊడ్పులయిన వారం రోజులు చేలో ఆకుపచ్చే కనపడదు, నీళ్లూ ఆకాశమూ కనపడతాయి. మొక్క వేరు పట్టేదాకా వాడినట్టుంటుంది. తర్వాత పిలకలు వేసి వరసలు కలిసిపోతాయి, అప్పుడు ముదురు ఆకుపచ్చ. పొట్ట మీదున్న చేను రంగు ఇంకొంచెం మారుతుంది. ఈనాక పైన తెల్లటి నూగులాంటి పూత, పొద్దున పూట ఒక వాసన. పాలు పోసుకుని, గింజ గట్టిపడి, వెన్ను వంగుతుంది. వానాకాలపు సార్వాలో ఒకసారి, వేసవిలో కోతకొచ్చే దాళ్వాలో ఒకసారి, ఏడాదికి రెండుసార్లు ఇదంతా నీ సైకిల్ పక్కనే జరిగింది. ‘తివాచీ’ అని రాసిన ప్రతిచోటా చేను ఏ దశలో ఉందో కనుక్కుని ఆ మాట పెట్టు. తారీఖు రాయకపోయినా అది ఏ నెలో మన జిల్లావాళ్లకి తెలిసిపోతుంది. ఇతర జిల్లాలవాళ్లకి తెలియకపోతే పరవాలేదు, చదివి తెలుసుకుంటారు.

వరద రోజు రాసిన పేజీ నన్ను బాధపెట్టింది. కోప్పడుతున్నానని అనుకోకు. ఏటిగట్టు మీద నిలబడి గోదారిని చూశావు, ‘కనువిందు’ అన్నావు. ఆ గట్టు మీదే నీ వెనకాల ఏటి మధ్య లంకలవాళ్లు పశువుల్ని కట్టేసుకుని ఉన్నారని నువ్వే ఒక వాక్యంలో రాసి వదిలేశావు. వాళ్లు ఆ రోజంతా ఒకళ్లనొకళ్లు అడిగే మాట ఒకటే: ‘ధవళేశ్వరంలో ఎంతుంది?’ అక్కడ 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడోదంటే పదిహేడు లక్షల క్యూసెక్కులు కిందికి వస్తున్నట్టు. ఆ నీరు లంక దాకా రావడానికి పట్టే సమయంలో ఏం సర్దుకోవాలి, గేదెల్ని ఎప్పుడు దాటించాలి అన్నది ఆ అంకెను బట్టే చూసుకుంటారు. పెద్దవాళ్లయితే 1986 ఆగస్టులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. నీకు అంకెలంటే ఇష్టం కదా, ఆ పేజీ మీద నీ కిలోమీటర్లకు బదులు ఆ రోజు ధవళేశ్వరం నీటిమట్టం వెయ్యి.

నవంబరులో ఒక చోట రాశావు: గడ్డిమోపు సైకిల్‌కి కట్టుకుని నడిపించుకుపోతున్న ఒకాయన ‘ఎందాకా అమ్మా?’ అని అడిగాడనీ, ‘ఊరికేనండి’ అన్నావనీ, ‘ఊరికేనా!’ అని ఆయన ఆగి నిన్ను చూశాడనీ, నీకు సిగ్గేసి గబగబా తొక్కుకుంటూ వచ్చేశావనీ. నోటుబుక్కు మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ ఇదే. కానీ సగంలో ఆపేశావు.

నాకూ ఆ ప్రశ్న ఎదురైంది, చాలాసార్లు. మన దగ్గర సైకిల్ అంటే పాలక్యాన్లు, చేపల బుట్ట, కొబ్బరి దింపుకి వెళ్లే మనిషి, నాట్లకు పోయే ఆడవాళ్ల టిఫిన్ క్యారేజీలు. వాళ్ల మధ్య నుంచి పనేమీ లేకుండా వెళ్లడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది తప్పు కాదు, దాన్ని పోగొట్టుకోవాలనీ చూడకు. కాకపోతే ఒక సంగతి చూడు. ఆ దారిలో ఆగడానికి తీరిక ఉన్నది నీ ఒక్కదానికే. ఆయన గడ్డి వేళకు చేర్చాలి, పాలాయన పాలు విరగకముందే పొయ్యాలి. నీకు ఏ తొందరా లేదు. కాబట్టి ‘ఊరికేనండి’ అన్నాక సైకిల్ దిగు. ఆయనతోపాటు ఆ కాస్త దూరం నడు. మోపు ఎలా కట్టాడో అడుగు, సైకిల్ ఎన్నేళ్లదో అడుగు. నేను అలా దిగిన రోజుల్లో ఒక దింపు కార్మికుడు తన సైకిల్ సీటు ఎందుకు అంత కిందికి దించుకున్నాడో చెప్పాడు. పొద్దుణ్ణించీ చెట్లెక్కి దిగిన కాళ్లు సాయంత్రానికి నేలకు ఆనకపోతే పడిపోతానన్నాడు. సీటు ఎత్తు గురించి అంతకుముందు నేను చదివిందంతా సరదాగా తొక్కేవాళ్ల కోసం రాసింది.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. మొదటి ఏడాది ఏప్రిల్ చివర్లో మా కాలువ మీద ఒక పేజీ రాశాను. అడుగు కనిపిస్తోంది, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క ఎండి అట్టలా పడి ఉంది. ‘చచ్చిపోయిన కాలువ’ అని పేరు పెట్టి, మనుషుల్ని బాగా తిట్టి, ఒక పత్రికకు కూడా పంపాను. అచ్చయింది. నెల తర్వాత అదే గట్టు మీద కాలువ నీళ్లు చూసుకునే లస్కరు ఒకడు కనపడ్డాడు. షట్టరుకి గ్రీజు పెడుతున్నాడు. నేను బాధగా ఏదో అంటే, ‘దాళ్వా అయిపోయింది కదండి, కట్టేశారు. మరమ్మతులు ఇప్పుడు కాక ఎప్పుడు చేస్తారు? జూన్‌లో వదుల్తారు, రండి’ అన్నాడు. పుట్టింది, పెరిగింది ఈ డెల్టాలోనే. ఏటా వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారని నాకు తెలియక కాదు. రాసేటప్పుడు ఆ తెలిసిన సంగతిని పక్కన పెట్టేశాను, ఎందుకంటే చచ్చిపోయిన కాలువ అయితే రాయడానికి బాగుంటుంది. అది నన్ను చాలా రోజులు పీడించింది.

జూన్‌లో వెళ్లాను. నీళ్లు వస్తాయన్న రోజున రాలేదు, మర్నాడు సాయంత్రం వచ్చాయి. ముందు చప్పుడు లేదు. ఎండుటాకులు, కొబ్బరిమట్టలు, నురగ, దుమ్ము అన్నీ ఒక మూర ఎత్తున పేర్చినట్టు ముందుకు జరుగుతూ వచ్చాయి, వాటి వెనక నీళ్లు. మనిషి నడిచినంత నెమ్మది. పిల్లలు కాలువ లోపల దానికి ముందు వెనక్కి తిరిగి చూసుకుంటూ నడుస్తున్నారు. నేను గట్టు మీద సైకిల్‌ని నడిపించుకుంటూ దానితోపాటు మూడు తూముల దాకా వెళ్లాను. ప్రతి తూము దగ్గరా అది కాసేపు ఆగి, నిండి, మళ్లీ కదిలేది. శివారు భూములకు చేరేసరికి ఇంకా ఎన్ని రోజులు పడుతుందో అక్కడున్న రైతులు మాట్లాడుకుంటున్నారు. ఆ రాత్రి కొత్త పేజీ రాశాను. పాత పేజీ చింపలేదు. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, వస్తే చూపిస్తాను.

ఏడాది గడిచిందని నువ్వు వెనక్కి తిరిగి చూసి ఒక ముగింపు వ్యాసం రాయాలనుకుంటున్నట్టు చెప్పావు. ఇంట్లో కూర్చుని రాయకు. నీ నోటుబుక్కులో గట్టిగా ఏదో తేల్చి చెప్పిన పేజీలు అయిదారు ఏరు. కోటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆలస్యమైందని విసుక్కున్నది, వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్ట్ ‘పాడుబడింది’ అన్నది, ఓడలరేవు తీరంలో ‘ఎవరూ లేరు’ అన్నది. ఆ పేజీలు పట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లు. వీలైతే వేరే కాలంలో, వేరే పూట. పంటు ఎందుకు ఆగింది, ఏటిలో నీళ్లెంత ఉన్నాయి, ఇసక ఎక్కడ మేట వేసింది, దాటాల్సినవాళ్లు ఆ గంటలో ఏం చేశారు? తీరంలో నువ్వు వెళ్లేసరికి పడవలు వేటకు పోయి ఉన్నాయా, అప్పటికే తిరిగొచ్చి ఉన్నాయా? నువ్వు రాసింది నిజమే అయితే ఆ పేజీ అలాగే ఉంటుంది. కాకపోతే రెండో పేజీ రాయి. ఏడాది మీద రాయాల్సింది ఆ రెండు పేజీల మధ్యే ఉందని నా నమ్మకం.

చిన్నవి కొన్ని. పెన్ను వద్దు, పెన్సిల్ పట్టుకెళ్లు. నీ ఆగస్టు పేజీల్లో సగం సిరా వానకు కరిగిపోయింది. గట్టు మీద గ్రావెల్ ఉన్నచోట టైర్లలో గాలి కాస్త తగ్గించుకుంటే చేతులు అదరవు, ఆ రోజు రాత తిన్నగా వస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లొచ్చిన రోజు ఎంత అలసినా చైన్ గుడ్డతో తుడిచి నూనె పెట్టాకే పడుకో, ఉప్పుగాలికి ఇసక తోడైతే నెలలో తుప్పు పడుతుంది. ఆ తుడిచే పది నిమిషాల్లోనే నాకు చాలాసార్లు మొదటి వాక్యం దొరికింది.

ఇప్పుడు దాళ్వా చేలు రంగు తిరుగుతున్నాయి. కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసిన వారంలో ఒకసారి రా, ఎండిన కాలువను ఇద్దరం చూద్దాం. నువ్వేం రాస్తావో నాకు చూపించకు. జూన్‌లో నీళ్లు వదిలే కబురు తెలియగానే ఫోన్ చేస్తాను. లొల్ల లాకుల దగ్గర పొద్దున్నే ఆరింటికల్లా ఉండు. తినడానికి నేను తెస్తాను, గాలి పంపు మాత్రం నువ్వు తెచ్చుకో, నాది పాడైంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ