రెండేసి చేపలు గుంపు కాదు

చేపల తొట్టి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు నిండిన రోజున రెండడుగుల అక్వేరియం కొన్నాం. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. సాయంత్రం నీళ్లు నింపి, మర్నాడు పొద్దున్నే తొమ్మిది చేపలు తెచ్చి వదిలాం. నియాన్ టెట్రాలు రెండు, టైగర్ బార్బులు రెండు, ఏంజెల్ చేపలు రెండు, గోల్డ్ ఫిష్‌లు రెండు, అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ చేప ఒకటి. పది రోజుల్లో నాలుగు పోయాయి. ఒక నియాన్ మూడో రోజు నీటి మీద తేలింది. రెండోది ఏమైందో ఆనవాలు కూడా దొరకలేదు. తరువాత ఒక ఏంజెల్, ఒక గోల్డ్ ఫిష్ చనిపోయాయి. మిగిలిన ఏంజెల్ రెక్కలు పీలికలయ్యాయి. నీళ్లు మార్చమని దుకాణంలో చెబితే, రెండు రోజులకోసారి మొత్తం పారబోసి, గులకరాళ్లూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద కడిగి మళ్లీ నింపుతున్నాను. మాది బోరు నీళ్లు. గుంపుగా తిరిగే చిన్న చేపలు కావాలని మా అబ్బాయి కోరిక. వాటిని టీవీలో చూసినప్పటి నుంచి ‘ఎటు తిరగాలో వాటికి ఎవరు చెబుతారమ్మా’ అని అడుగుతున్నాడు. ఏవి కలిసి ఉంటాయో, ఎన్ని పెట్టవచ్చో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, రెండు రోజులకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగిన మీకు శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. చేపలు కొనేటప్పుడు మీకు చెప్పవలసిన సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

చేప విసర్జించే వ్యర్థం, తినకుండా మిగిలిన మేత నీటిలో అమ్మోనియాగా మారతాయి. అది మొప్పలను కాల్చేస్తుంది. పాత తొట్టిలో ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపలు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీటిలో కంటే గులకరాళ్ల మీద, స్పాంజిలో ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది. అది తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు రాళ్లనూ స్పాంజినీ కడిగిన ప్రతిసారీ అది కొట్టుకుపోయింది. పాలు తోడుపెట్టి, గంట గంటకీ గిన్నె తోమితే పెరుగు పేరుకోదు కదా, ఇదీ అలాగే. పైగా నీళ్లు వేడిగా ఉన్నకొద్దీ, క్షారగుణం ఎక్కువైనకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. బోరు నీళ్లకు సాధారణంగా ఆ క్షారగుణం ఉంటుంది.

ఇక చేపల పొందిక. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప. జానెడు పెరుగుతుంది, వ్యర్థం చాలా ఎక్కువ. దానికీ తక్కిన వాటికీ కుదరదు. ఏంజెల్ పెద్దదైతే నియాన్ దానికి ఆహారమే. కొత్తగా కొన్న మీ ఏంజెల్‌లు ఇంకా చిన్నవే అయి ఉంటాయి కాబట్టి, కనబడకుండా పోయిన నియాన్ ముందు చనిపోయి ఉంటుంది, ఆ తరువాతే తక్కినవి తినేసి ఉంటాయి. సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. ‘శుభ్రం చేసే చేప’ అని చెప్పి అమ్మడం నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అది శుభ్రం చేసే దానికంటే చేసే మురికే ఎక్కువ.

రెక్కలు చీల్చింది టైగర్ బార్బులే. ఈ తప్పు నేనూ చేశాను. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఒక గౌరామితో పాటు మూడు టైగర్ బార్బులు పెట్టాను. పొట్ట కింద పొడవాటి దారాల్లాంటి రెక్కలతో మెల్లగా ఈదే చేప అది. వారం తిరిగేసరికి ఆ దారాలు మొదళ్ల దాకా పోయాయి. బార్బులది దుష్టబుద్ధి అనుకున్నాను. కొన్నేళ్ల తరువాత విడిగా ఒక తొట్టిలో పది బార్బులు పెంచి చూశాక నా అభిప్రాయం మారింది. పదీ ఉన్నప్పుడు అవి రోజంతా ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తమలో తామే తేల్చుకుంటాయి. రెండో మూడో ఉంటే ఆ తగువు పక్క చేప మీద పడుతుంది. పిరికి రకాలైతే ఇంకో విధం. రెండే నియాన్‌లు ఉంటే రంగు వెలిసి, మొక్క చాటున నక్కి, మేతకు కూడా రావు.

అందుకే మీకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. రకాలు తగ్గించండి, ఒక్కో రకంలో సంఖ్య పెంచండి. గుంపు చేప ఏదైనా ఆరుకు తక్కువ కొనకండి, ఎనిమిది అయితే మరీ మంచిది.

మీ అబ్బాయి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. బాబూ, వాటికి ఎటు తిరగాలో చెప్పే నాయకుడు ఎవరూ లేరు. ప్రతి చేపా పక్కనున్న చేపలను కళ్లతో చూస్తుంది. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే పార్శ్వరేఖతో పక్క చేప కదిపిన నీటి ఒత్తిడిని పసిగడుతుంది. పక్కది తిరిగితే తాను తిరుగుతుంది, దాన్ని చూసి ఇంకొకటి. వేటాడే చేపకు అన్నీ ఒకేలా మెరుస్తూ కదులుతుంటే దేన్ని పట్టాలో తెలియదు. ఇంకో వింత వినాలి. వీటిలో ఒక దాని చర్మం గాయపడితే నీటిలోకి ఒక పదార్థం విడుదలవుతుంది, ఆ వాసనకు తక్కినవన్నీ బెదిరిపోతాయి. మిన్నో అనే చిన్న చేపల్లో ఈ సంగతిని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త 1938లో వివరించాడు. తేనెటీగల నాట్యం మీద పరిశోధనకు 1973లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. నువ్వు ఎప్పుడైనా వలతో ఒక చేపను పట్టేటప్పుడు అది గాయపడకుండా నెమ్మదిగా పట్టు. మిగతావి బెదరకుండా ఉంటాయి.

ఇప్పుడు మీ తొట్టి సంగతి. లెక్క ప్రకారం 70 లీటర్లు పడుతుంది. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా దాదాపు 60 లీటర్లు. చేపను ఎంచుకునే ముందు మీ నీళ్లను చూడాలి. మీ బోరు నీళ్లతో పప్పు ఉడకడానికి ఆలస్యమవుతుందా? గిన్నెల మీద తెల్లటి పొర కడుతుందా? అయితే అది లవణాలు ఎక్కువున్న కఠిన జలం. నియాన్ టెట్రా అమెజాన్ నదీ ప్రాంతపు చేప, లవణాలు చాలా తక్కువగా ఉండే ఆమ్లపు నీళ్లలో పుట్టి పెరిగేది. మొదటి తొట్టికి, అందులోనూ మీ నీళ్లకు, నేను దాన్ని సూచించను.

మీకు జీబ్రా డేనియోలు ఎనిమిది, చెర్రీ బార్బులు ఎనిమిది. ఈ రెండే.

జీబ్రా డేనియో మన ఉపఖండపు చేప. వరి మళ్లలో, మెల్లగా పారే కాలువల్లో తిరుగుతుంది. గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీన్ని వర్ణించాడు. ఈనాడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెంచుతున్నది ఈ చేపనే. రెండంగుళాలకు మించదు. ఎండకూ చలికీ తట్టుకుంటుంది. పై నీటిలో క్షణం నిలవకుండా ఈదుతుంది, ఎగిరి దూకుతుంది కూడా, కాబట్టి మూత తప్పదు. సన్నగా, చారల మధ్య బంగారు ఛాయ ఉన్నవి మగవి. పొట్ట గుండ్రంగా, వెండి ఛాయలో ఉన్నవి ఆడవి. మీ అబ్బాయి రెండు రోజుల్లో గుర్తుపడతాడు. చెర్రీ బార్బు శ్రీలంక చేప. పేరుకు బార్బే కానీ టైగర్ బార్బు గుణం దానికి లేదు. మధ్య నీటిలో, మొక్కల నడుమ నెమ్మదిగా తిరుగుతుంది. మొక్కలు ఉంటే మగవి బాగా ఎర్రబడతాయి, అందుకని రెండు మూడు కుదుళ్లు వేయండి.

ముందు ఇప్పుడున్న అయిదింటినీ దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. మున్నేరులోనో లకారం చెరువులోనో మాత్రం వదలకండి. అలా వదిలిన సక్కర్ చేపలే మన జలాల్లో పెరిగి జాలర్ల వలలు పాడుచేస్తున్నాయి.

తరువాత చేపలు లేకుండా ఫిల్టర్ నడపండి, రోజూ చిటికెడు మేత వేయండి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే చుక్కల మందు పెట్టె కొనండి. ఏ అలంకారం కంటే ముందు కొనవలసింది అదే. రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తే తొట్టి సిద్ధమైనట్టు. తెలిసినవారి ఆరోగ్యకరమైన పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే మీ ఫిల్టర్‌లో పెట్టండి, అది తోడు చుక్కలాగా పనిచేస్తుంది.

సిద్ధమయ్యాక డేనియోలు ఎనిమిదీ ఒకేసారి. సంచిని 20 నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు అందులో పోసి, చేపలను వలతో తీసి వదలండి. సంచిలో నీళ్లు తొట్టిలో పోయకండి. బార్బులు మూడు వారాల తరువాత. మేత రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినగలిగినంతే. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, అదే వేడిమి ఉన్న నీళ్లు పోయండి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి. ఎప్పుడైనా మునిసిపాలిటీ నీళ్లు వాడితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి.

ఖమ్మం ఎండ గురించి కూడా చెప్పాలి. నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఏప్రిల్ నుంచి మూత తీసి, పైన సన్నని వల కట్టి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలి పంపు రాత్రి కూడా ఆపకండి. ఫ్యాన్‌కు నీళ్లు ఆవిరవుతాయి, లవణాలు మాత్రం తొట్టిలోనే మిగులుతాయి. అందుకని తగ్గిన మేరకు ఫిల్టర్ చేసిన ఆర్వో నీళ్లు పోయండి. వారం వారం మార్చే నీళ్లకు మాత్రం మీ బోరు నీళ్లే సరిపోతాయి.

ప్రశ్న: మా మూడడుగుల తొట్టిలో మిస్ కేరళ చేపలు నాలుగు పెట్టాలని ఉంది. బాగుంటుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. పడమటి కనుమల వాగుల్లో, వేగంగా పారే చల్లని నీటిలో బతికే చేప అది. నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది. ఆరింటి గుంపుకు నాలుగడుగుల తొట్టి కనీసం కావాలి. విపరీతంగా పట్టి అమ్మడం వల్ల అది అంతరించే ప్రమాదమున్న చేపల జాబితాలో చేరింది. పెద్ద తొట్టి కొన్న రోజున, పెంపక కేంద్రంలో పుట్టినవి అని నిర్ధారించుకుని కొనండి. ఈలోగా మీ మూడడుగుల తొట్టికి రోజీ బార్బులు ఎనిమిది చక్కగా సరిపోతాయి. మగవి గులాబీ రంగు తిరిగినప్పుడు చూడండి.

ప్రశ్న: గాజు చేపలు ఒంటి మీద గులాబీ, ఆకుపచ్చ గీతలతో అమ్ముతున్నారు. గుంపుగా పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ గీతలు పుట్టుకతో వచ్చినవి కావమ్మా, సూదితో ఎక్కించిన రంగు. కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఆ గాయాలతో చాలా చేపలు జబ్బు పడతాయి. దయచేసి కొనకండి. రంగు వేయని గాజు చేప మన చెరువుల్లోనే ఉంటుంది. ఆరింటిని తెచ్చి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా తొట్టి పెట్టండి. వెన్నెముకలోని ఒక్కొక్క ఎముకా లెక్కపెట్టవచ్చు.