నరమా, స్నాయువా, సంధిబంధనమా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. చేను గట్టు మీద జారి, పాదం లోపలికి మడతపడి మా నాన్నగారి చీలమండ బెణికింది. డాక్టరుగారు ‘లిగమెంటు చిరిగింది’ అన్నారు. నాన్నగారు ‘నరం తెగింది’ అంటున్నారు. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ‘సంధిబంధనం’ అని ఉంది. ఒక పత్రికలో ‘స్నాయువు’ అని చదివాను. ఏది సరైనది?

సమాధానం: మీ నాన్నగారి మాటను తప్పనడానికి నాకు మనసొప్పదు. చర్మం కింద తాడులా సాగి కనిపించేది, చేతికి తగిలేది రక్తనాళమైనా మరొకటైనా మనవాళ్ళకు నరమే. అయితే నేటి వైద్యుడికి నరమంటే మెదడుకూ శరీరానికీ మధ్య సమాచారం మోసే నాడి కనుక, ‘నరం తెగింది’ అని వింటే ఆయన ముందు పాదానికి స్పర్శ ఉందో లేదో చూస్తాడు.

ఎముకను ఎముకతో కట్టి ఉంచేది సంధిబంధనం, అదే లిగమెంటు. కండరాన్ని ఎముకకు కలిపేది టెండన్, పాఠ్యపుస్తకాల భాషలో స్నాయుబంధనం. రెండూ ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులతో పేనినవే. మునివేళ్ళ మీద నిలబడి మడమకు కాస్త పైన రెండు వేళ్ళతో పట్టుకుంటే, పిక్క నుంచి దిగి మడమ ఎముకకు అతుక్కున్న స్నాయుబంధనం బిగించిన మోకులా తగులుతుంది. మీ నాన్నగారిలా పాదం లోపలికి మడతపడితే సాధారణంగా దెబ్బతినేవి స్నాయుబంధనాలు కావు, చీలమండ బయటివైపున్న సంధిబంధనాలు.

చిక్కంతా ‘స్నాయువు’తోనే. పలకలు పేర్చి అనేక బంధనాలతో బిగించిన నావ నీటిమీద బరువు మోసినట్టే, స్నాయువులతో కట్టిన సంధుల (కీళ్ళ) వల్ల మనిషి బరువు మోయగలుగుతున్నాడని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత చెబుతుంది; సంధులు 210, స్నాయువులు 900 అని లెక్క కూడా ఇస్తుంది. (గోదావరి పాయల్లో పడవలు కట్టడం చూసినవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.) ఆ పోలికలో స్నాయువు చేసే పని మన సంధిబంధనానిదే. ఆ ‘స్నాయువు’ మాటకే బెంగాలీలో నాడి అని, మరాఠీలో కండరమని అర్థం. ఇన్ని చేతులు మారిన మాటను ఒంటరిగా వాడితే పాఠకుడు దేన్ని ఊహించుకుంటాడో చెప్పలేం కాబట్టి, ఆ పత్రిక ‘సంధిబంధనం’ అని రాసి ఉండవలసింది.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘కాలు బెణికి కీలు కట్టు చిరిగింది’ అంటే చాలు, అర్థమూ చెడదు, తెలుగూ చెడదు. ‘కీలు తప్పింది’ అని మాత్రం అనకండి; అది ఎముక తన చోటు నుంచి జారినప్పుడు అనే మాట.